తోక రాలిపోదురా, మైకూ

మార్చి 2
(పోస్టు చెయ్యనిది)

అక్కా,

ఇక్కడ నేను క్షేమం అని మొదలుపెట్టబోయి, అంత పచ్చి అబద్ధంతో ఎందుకులే అని ఆగాను.

నా గొంతులో కాయలాంటిది మొలిచింది. కంగారు పడకు, ప్రమాదం లేనిదని పరీక్షలో తేలింది. డాక్టరమ్మ తీసేసింది కూడా. ఇప్పుడు కొన్ని వారాలు నోరు విప్పకూడదట. గుసగుస కూడా పనికిరాదట. నీ మరదలు ఒక పలక కొనిచ్చింది. ఈ వయసులో పలకా బలపం పట్టుకుని తిరుగుతున్నాను. గొంతు మళ్లీ వస్తుంది కానీ పాత గొంతు రాదని డాక్టరమ్మ ముందే చెప్పేసింది.

స్టేషన్లో ఇన్నేళ్లు రైళ్ల రాకపోకలు చదివానే, నా గొంతు వింటే కునుకు తీస్తున్న జనం ఉలిక్కిపడి లేచి సామాన్లు ఎత్తుకునేవాళ్లు. ఊళ్లో సగం మందికి నా మొహం తెలియదు, గొంతు తెలుసు. ఇక మిగిలింది ఎవరికీ తెలియని ఆ మొహమే. అదేమంత చూడదగ్గది కాదని నీకు తెలుసు.

నీకెందుకు చెప్పలేదంటే, బావ అరవయ్యో పుట్టినరోజున నేను ఉపన్యాసం దంచుతుంటే అందరి ముందూ "ఒరేయ్, ఆ గొంతు కాస్త మూసుకోరా, చెవులు పోతున్నాయి" అన్నావు. అందరూ నవ్వారు, అందరికంటే నేనే గట్టిగా నవ్వాను. ఆ తర్వాతి నెలలోనే ఈ కాయ బయటపడింది. నీ నాలుక మీద మచ్చ ఉందని అమ్మ అంటుండేది గుర్తుందా? చెబితే నీ మాటే తగిలిందని కుమిలిపోతావు. నీ ల్యాబులో కప్పకి నలతగా ఉంటేనే భోజనం మానేసేదానివి.

అందుకని ఇది సొరుగులో పడేసి, వేరే ఉత్తరం రాస్తున్నాను.

నీ తమ్ముడు


మార్చి 2

కప్పలక్క గారి సముఖానికి, మైకు వ్రాయునది.

ఫోను నీళ్ల బకెట్లో పడింది. బాగుచేసేవాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, పోయినవాళ్ల గురించి చెప్పినట్టు తల అడ్డంగా ఊపాడు. అందుకే ఉత్తరం. నా చేతిరాత నీకు కొత్తేం కాదు. చిన్నప్పుడు నా పరీక్ష పేపరు చూసి, మందుల షాపుకి పంపితే ఏదో ఒక మందు ఇస్తారన్నది నువ్వే.

అసలు సంగతి వినవే. మీ ఊరి మ్యూజియంలో కొత్త హాలు తెరుస్తున్నారట. అద్దాల పెట్టె ముందు నిలబడి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే, అందులో ఏముందో ఒక గొంతు చెబుతుంది. ఆ గొంతు నాదే కావాలని డైరెక్టరు పట్టుబట్టాడు. ఒకప్పుడు మా స్టేషన్లో రైలు మారేవాడట. స్టేషన్లో నా కుర్చీ మిషనుకిచ్చేశాక నన్ను వెతుక్కుంటూ వచ్చిన మొదటి మనిషి ఇతనే. రాసేది కూడా నన్నే రాయమన్నాడు. ముందు కప్ప పెట్టె. అది బాగుంటే హాలంతా నాకే. లేకపోతే ఇంట్లో కూర్చుని నీ మరదలికి రైళ్ల వేళలు చెప్పుకోవాలి.

ఇలా రాశాను:

"ఒకరోజు తోకకప్ప తన తోకను రాల్చేస్తుంది. నీటిలోని పాత జీవి మాయమై, ఒడ్డున కొత్త జీవి పుడుతుంది. దీనినే రూపవిక్రియ అంటారు."

చదువుకుంటే నాకే ఒళ్లు పులకరించింది. తప్పులుంటే చెప్పు. ఉండవనే అనుకుంటున్నాను.

నీ మైకు


మార్చి 9

ఒరేయ్ మైకూ,

మూడు వాక్యాలు రాశావు, నాలుగు తప్పులున్నాయి. ముప్ఫయ్యేళ్లుగా పాఠం చెబుతున్నాను, ఇంత పొదుపుగా ఇన్ని తప్పులు చేసినవాణ్ణి చూడలేదు.

తోక రాలిపోదురా. రాలేది బల్లి తోక, అది వేరే పాఠం. తోకకప్ప ఒళ్లు తన తోకని తనే లోపల్నుంచి కరిగించుకుంటుంది. ఆ రోజుల్లో అది ఏమీ తినదు, ఆ తోకే దాని తిండి. రెండోది, ఇదంతా ఒక్కరోజులో జరగదు. మూడోది, "కొత్త జీవి పుడుతుంది" అన్నావే, ఆ మాట రాసినవాళ్లకి నేను మార్కులు వెయ్యను, ఎవరి సిఫార్సుతో వచ్చినా సరే. అక్కడ ఎవరూ చావరు, ఎవరూ పుట్టరు. నీళ్లలో మొప్పలతో ఊపిరి తీసినదీ, ఒడ్డుమీద ఊపిరితిత్తులతో తీసేదీ ఒక్కటే. గుడ్డులోంచి బయటపడి బతుకుతున్న జీవి, మధ్యలో తన ఒంటిని మళ్లీ కొత్తగా కట్టుకుంటే దాన్ని రూపవిక్రియ అంటాం. కుక్కపిల్ల కుక్క అయితే అది ఉత్త పెరుగుదల. "అదే జీవి" అని రాసి కింద గీత గియ్యి. రెండు గీతలు గీసినా తప్పులేదు.

నాలుగో తప్పు నీ ఒళ్లు పులకరించడం.

ఇక ఫోను సంగతి. నా మీద అలిగినప్పుడల్లా నీ వస్తువేదో ఎందులోనో పడిపోతుంది. బళ్లో చదివేటప్పుడు నీ చెప్పు బావిలో పడింది, పెళ్లిలో నీ వాచీ పాయసం గిన్నెలో పడింది. బావ పుట్టినరోజున నేనన్న మాట పట్టుకుని కూర్చున్నావు కదూ? నలుగురి ముందు అనకూడదు, నిజమే. కానీ నువ్వు బావ గురించి మొదలుపెట్టి రైల్వే వంతెనల దాకా వెళ్లిపోయావురా, ఎవరో ఒకరు గొలుసు లాగాలి కదా.

కప్పలక్క


మార్చి 16

అక్కా,

అలగలేదు. నేను అలిగితే ఉత్తరం రాస్తానా? పైగా నువ్వు గొలుసు లాగాక మిగిలిన వంతెనల సంగతి బావని పక్కకి తీసుకెళ్లి చెప్పాను.

రూపవిక్రియ నాకు బాగా పట్టుబడింది. నిన్న నీ మరదలు పాలు తోడుపెడుతుంటే "ఇది రూపవిక్రియ" అన్నాను. గరిటె చూపించింది. ఈమధ్య ఇల్లు చాలా ప్రశాంతంగా ఉందని ఇరుగు పొరుగువాళ్లతో చెప్పుకుంటోంది. ఎందుకో నన్నడక్కు.

కొన్ని అనుమానాలున్నాయి. నాకు మీసం రావడం రూపవిక్రియేనా? పెళ్లయ్యాక బావకి పొట్ట వచ్చిందే, దాన్నేమంటారు? ఆయన కూడా గుడ్డులోంచి బయటపడి బతుకుతున్న జీవే కదా, ఒళ్లు మళ్లీ కట్టుకున్నట్టే కనబడుతున్నాడు. ఇంకోటి, ఇక మారు అని తోకకప్పకి చెప్పేదెవరు? స్టేషన్లో అయితే నేను చెప్పేవాణ్ణి, ఫలానా బండి ఫలానా ప్లాట్‌ఫారం మీదికి మారింది అని. నీళ్లలో ఎవరు చెబుతారు?

నీ సూచన ప్రకారం మళ్లీ రాశాను. "ఇది వేరే జీవి కాదు. అదే." అని ముగించాను. గీతలు చెవికి వినబడవు కాబట్టి, "అదే" ముందు కొంచెం ఆగుతాను.

మైకు


మార్చి 23

ఒరేయ్ మైకూ,

నీ మీసం రూపవిక్రియ కాదు. నువ్వు మీసం పెట్టినా తీసినా నువ్వే, అదే మా దురదృష్టం. బావ పొట్ట ఏ శాస్త్రంలోకీ రాదు. ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను, రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

మారమని చెప్పేదెవరంటే, గొంతు దగ్గర ఉండే ఒక చిన్న గ్రంథి. దాన్నుంచి రసం ఊరి రక్తంలో కలిస్తే చాలు, ఒళ్లంతా పని మొదలవుతుంది. ఆ గ్రంథి తీసేస్తే తోకకప్ప తోకకప్పగానే ఉండిపోతుంది. ఎంత పెద్దదైనా ఒడ్డెక్కదు.

మధ్యలో కొన్నాళ్లు మాత్రం దాని అవస్థ చూడలేం. నాచు గీరుకు తినే నోరు పోయి పురుగుని పట్టే నోరు రావాలి, అప్పటిదాకా నోరు దేనికీ పనికిరాదు. సగం తోకతో సరిగ్గా ఈదలేదు, కొత్త కాళ్లతో సరిగ్గా గెంతలేదు. తల ప్రాణం తోకకొస్తుందంటారే, దానికి ఆ తోక కూడా ఉండదు పాపం. తొట్టిలో ఒక మూల నక్కి కూర్చుంటుంది. పట్టుకుపోయేవాళ్లకి అప్పుడే సులువుగా దొరుకుతుంది. నేను రోజూ వెళ్లి ఆ మూలే చూస్తుంటాను. ఇది కూడా రాయి, జనానికి తెలియాలి.

ఫోను ఇంకా బాగవ్వలేదా?

కప్పలక్క


మార్చి 30

అక్కా,

నీకు తెలిసిపోయిందన్నమాట. నోరు పనికిరాకుండా పోవడం, తిండి తినలేకపోవడం, మూల నక్కి కూర్చోవడం! ఇంత సూటిగా రాశాక అర్థం కాకపోవడానికి నేనేమైనా పసివాణ్ణా? నీ మరదలే చెప్పి ఉంటుంది, ఒట్టు పెట్టించుకున్నా ఆగలేకపోయింది. తెలిస్తే తెలిసింది. కప్ప మీద పెట్టి అనడం దేనికి? బాగున్నావా అని ఒక్క మాట అడగొచ్చుగా?

సరే, ఇక ఆ ఊసెత్తకు. వచ్చేవారం రికార్డింగు ఉంది. చదవగలనో లేదో నాకే తెలియదు.

తమ్ముడు


ఏప్రిల్ 5

ఒరేయ్ పిచ్చి మైకూ,

నీ ఉత్తరం చదివి తల గోక్కున్నాను. నేను కప్ప గురించి రాస్తే కప్ప గురించే రాస్తాను. మనుషుల్ని అనాలంటే మొహం మీదే అంటానని నీకు తెలియదా? నా మరదలికి ఫోన్ చేస్తే, "ఆయన్నే అడగండి వదినా, నన్ను ఇరికించకండి" అంది. అప్పుడు వెలిగింది నాకు.

పళ్ల సెట్టు పెట్టించుకున్నావు కదూ?

దీనికింత రహస్యమా! మీ బావకి ఎప్పుడో అయింది. మొదట్లో నోట్లో గులకరాళ్లు వేసుకున్నట్టుంటుంది, మాట గాలి కలిసి వస్తుంది. తర్వాత అలవాటైపోతుంది. పడుకునే ముందు తీసి గ్లాసులో వెయ్యి, ఆ గ్లాసుతో మాత్రం ఎవరికీ మంచినీళ్లివ్వకు. మా ఇంట్లో ఒకసారి ఆ ముచ్చటా జరిగింది.

బాగున్నావా? అడిగాను చూడు. ధైర్యంగా వెళ్లి చదువు. ఆ డైరెక్టరు ఎంత అదృష్టవంతుడో అతనికి తెలియదు.

అక్క


ఏప్రిల్ 12

అక్కా,

కనిపెట్టేశావు. పళ్లే. పై వరసా, కింది వరసా. నీ దగ్గర ఏదైనా దాగుతుందా?

గ్లాసు విషయంలో జాగ్రత్తగా ఉంటున్నాను. మొన్ననే రికార్డింగు అయిపోయింది. ఇక్కడే మా ఊళ్లో ఒక చిన్న గది, గోడలనిండా దూది మెత్తలు. అద్దం అవతలి కుర్రవాడు అయ్యాక బొటనవేలు పైకెత్తి చూపించాడు. అతను నా పాత చదువు ఎప్పుడూ విననివాడు కాబట్టి ఆ బొటనవేలు లెక్కలోకి రాదు. బయటికొచ్చాక అక్కడి ఆఫీసు ఫోనుతో ఒకరితో మాట్లాడదామని చూశాను. కుదర్లేదు. మళ్లీ ఎప్పుడైనా చూస్తాను.

మైకు


ఏప్రిల్ 22

ఒరేయ్ మైకూ,

ఈ నెల నాకు బొంగురు గొంతులు రాసిపెట్టి ఉన్నట్టున్నాయి.

మొదటివాడు ఫోన్ చేశాడు. తెలియని నంబరు. ఎత్తితే గరగరమంటూ "అక్కా" అన్నాడు. ఎవరండీ అన్నాను. "నేనక్కా" అన్నాడు. ఇలా వరసలు కలిపి జనాన్ని ముంచేవాళ్లు ఎక్కువయ్యారని పేపర్లో చదివానుగా, "నాకున్నది ఒక్కడే తమ్ముడు, వాడు మాట్లాడితే ఫోను అక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు" అని పెట్టేశాను. ఎలా ఉంది నా జవాబు? బావ తెగ మెచ్చుకున్నాడు.

రెండోవాడి సంగతి నీకు చెప్పక తప్పదు. శాస్త్రపరంగా సరిచూడమని మ్యూజియంవాళ్లు నాకు కప్ప పెట్టె రికార్డింగు పంపారు. నీ గొంతు వినబోతున్నానని బావని కూడా పిలిచి కూర్చోబెట్టాను. తీరా చూస్తే ఎవరో బొంగురుగా చదువుతున్నాడు! రాసింది నువ్వు, చదివింది వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నిన్ను రాయించుకుని పక్కకి నెట్టేశారన్నమాట. నీకు చెప్పారో లేదో కూడా తెలియదు. వెంటనే కూర్చుని రాసి పంపాను: "విషయంలో దోషం లేదు. చదివిన వ్యక్తి గొంతు ఈ పనికి తగదు. మీరు ముందు అనుకున్న మనిషి చేతే చదివించండి." పదవి పేరు కింద ముద్ర కూడా గుద్దాను. నీ కోసం నేను పోట్లాడటం ఇదే మొదటిసారి కాదులే, బళ్లో నిన్ను కొట్టినవాణ్ణి సంచితో బాదానుగా.

డైరెక్టరు ఏమన్నాడో రాయి.

కప్పలక్క


ఏప్రిల్ 28

అక్కా,

డైరెక్టరు చాలా మర్యాదస్థుడు. శాస్త్రజ్ఞురాలు అభ్యంతరం చెప్పారనీ, వేరే గొంతు చూసుకోవలసి వస్తుందేమోననీ, ఏమీ అనుకోవద్దనీ రాశాడు. నేనేమీ అనుకోలేదు. సంచితో బాదిన చెయ్యే కదా అని నవ్వుకున్నాను. తర్వాత ఏడ్చాననుకో. మాట గరగరమంటుంది కానీ ఏడుపు మాత్రం పాతదే వస్తోంది, నీ మరదలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

నీ ఇద్దరు బొంగురువాళ్లూ ఒక్కడేనక్కా. ఆ ఒక్కడు నేనే.

పళ్లన్నీ నావే, దిట్టంగా ఉన్నాయి. గొంతులో కాయ వస్తే తీశారు, ప్రమాదం లేదు. వారాల తరబడి పలక మీద బతికాను. బకెట్లో ఫోనేమీ పడలేదు. నోరు విప్పొచ్చని డాక్టరమ్మ చెప్పిన వారమే రికార్డింగుకి వెళ్లాను. ఇంటి బయట మొదట పిలిచింది నిన్నే. ఒక్క "అక్కా" అంటే చాలు, నువ్వు కనుక్కుంటావనుకున్నాను. స్టేషన్లో కూలీలు కూడా ఇప్పుడు నా గొంతు గుర్తుపట్టడం లేదు. టికెట్లు అమ్మే ఆయన నేను మాట్లాడుతుంటే నా వెనక ఎవరున్నారా అని చూశాడు. వాళ్ల సంగతి సరే, అక్క ఉందిగా అనుకున్నాను. కిటికీ తెరిస్తే చాలు అన్న నీ మాట విని నాకూ నవ్వొచ్చింది, నిజంగా బాగుంది. ఆ ఆఫీసువాళ్లకి మాత్రం రాంగ్ నంబరని చెప్పాను.

నువ్వన్న మాటకీ నా కాయకీ సంబంధం పెట్టుకుంటావనే చెప్పలేదు. అంతకుమించి ఏమీ లేదు.

అభిప్రాయం మార్చుకోమని అడగను. శాస్త్రంలో మొహమాటం పనికిరాదంటావుగా. నువ్వు రాసింది తప్పు కూడా కాదు, ఆ టేపు వింటే ఎవడో అని నాకే అనిపించింది. ఒక్కటే అడుగుతాను, తెలిసినదానివి కాబట్టి చెప్పు. తోక కరిగిపోయాక ఆ కప్పకి తను తనే అని ఎలా తెలుస్తుంది?

నీ తమ్ముడు


మే 6

ఒరేయ్ మైకూ,

ఈ పిలుపు రాయనా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. వేరే పేరు నాకు తెలియదు, మైకూ అనే రాస్తున్నాను.

నీ ఉత్తరం ల్యాబులో చదివాను. నా మొహం చూసి అటెండరు, "ఏ తొట్టిలో కప్పలు పోయాయి మేడమ్" అని అడిగాడు. ముందు తిట్టవలసింది తిట్టనీ. నా నాలుక మీద మచ్చ ఉంటే, నువ్వు పుట్టినప్పట్నించీ నేనన్న మాటలకి నీకు గొంతేం ఖర్మ, కాళ్లూ చేతులూ కూడా మిగిలేవి కాదు. కత్తి పెట్టించుకునే రోజున కూడా అక్క గుర్తురాలేదా? నేను కుమిలిపోతానని దాచావా? కుమిలిపోవడానికే కదరా అక్కలుండేది.

తిట్లు అయిపోయాయి. ఇక నా పాఠం నేను అప్పజెబుతాను. నీళ్లలో ఉన్నదీ ఒడ్డెక్కినదీ అదే జీవి అని ఇన్నేళ్లు పిల్లలకి చెప్పాను, రాయనివాళ్లకి సున్నా వేశాను. నిన్నే గీత గియ్యమన్నాను. ఆ తర్వాత సొంత తమ్ముడు "నేనక్కా" అంటే, నాకున్నది ఒక్కడే తమ్ముడని చెప్పి ఆ ఒక్కడి మొహం మీదే ఫోను పెట్టేశాను. చాలక ముద్ర గుద్ది మరీ నీ పని పోగొట్టాను. నా పేపరు నేనే దిద్దితే ఎన్ని మార్కులు వేస్తానో నీకు తెలుసు. మెచ్చుకున్న బావకి కూడా అన్నే వేస్తాను.

ఇంకో ఉత్తరం రాసుకుని మ్యూజియంకి వెళ్లాను. డైరెక్టరు నా పాత ఉత్తరం, కొత్త ఉత్తరం బల్ల మీద పక్కపక్కన పెట్టి, "ఒకదాంట్లో ఈ గొంతు తగదన్నారు, ఇంకోదాంట్లో ఇది తప్ప మరోటి వద్దంటున్నారు. ఏది మీ అభిప్రాయం?" అన్నాడు. "మొదటిది రాసినప్పటికి నేను ఇంకా తోకకప్పనండీ" అన్నాను. అతనికి అర్థమైందో లేదో, నవ్వాడు. కప్ప పెట్టె నీదే. మిగతా పెట్టెల సంగతి జనం విన్నాక చూద్దామన్నాడు. అంతకంటే రాబట్టలేకపోయాను.

ఇంకా తెరవని హాల్లో, ఆ పెట్టె ముందు నిలబడి ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. ఈసారి నువ్వని తెలిసే విన్నాను, అయినా మొదటి వాక్యాలకి నువ్వు దొరకలేదు. అబద్ధం చెప్పను, ఆ గొంతులో నీ కోసం వెతుక్కోవలసి వచ్చింది. చివరికి, "ఇది వేరే జీవి కాదు" అని ఊపిరి బిగబట్టి ఆగావు. ప్లాట్‌ఫారం నంబరు చెప్పే ముందు అలాగే ఆగేవాడివి. చిన్నప్పుడు చీకట్లో తలుపవతల నుంచి "అక్కా, నేనే" అని పిలిచేటప్పుడు, ఆ "నేనే" ముందు కూడా అలాగే ఆగేవాడివి. "అదే" అని నువ్వనేలోపే నేను అనేశాను. పైకే అనేశాను. అక్కడ తుడుస్తున్న ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

కప్పకి తను తనే అని ఎలా తెలుస్తుందని అడిగావు. నాకు తెలియదురా. పుస్తకాల్లో లేదు. పక్కనున్నవాళ్లు మాత్రం కాస్త ఆగి వినాలి. నేను ఆగలేదు.

ఆదివారం పొద్దున్న ఫోన్ చెయ్యి. ఏ నంబరు నుంచైనా చెయ్యి. బావని ఎత్తనివ్వను, ఎవరని అడగను. నువ్వు "అక్కా" అన్నాక ఇటునుంచి కాసేపు ఏమీ వినబడకపోతే, లైను కట్టయిందనుకుని పెట్టెయ్యకు.

అక్క